అహోబిలం దాకా డాక్టరు రావాలంటే

అహోబిలం నుంచి ఆళ్లగడ్డ పాతిక కిలోమీటర్ల పైమాటే. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల మరో నలభై, నంద్యాల నుంచి కర్నూలు డెబ్భై. జబ్బు ముదిరే కొద్దీ రోగి ఈ దారి వెంట పెద్ద ఊరికి వెళ్తుంటాడు. ఊళ్లో ఏఎన్ఎం, తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఆళ్లగడ్డలో ప్రభుత్వాసుపత్రి, నంద్యాలలో పెద్దాసుపత్రి, చివరికి కర్నూలు. చదువూ అనుభవమూ పెరిగే కొద్దీ డాక్టర్లు, నర్సులు కూడా ఈ దారినే పడతారు. వాళ్ల ప్రయాణం కర్నూలులో ఆగదు. హైదరాబాదు, బెంగళూరు, అక్కణ్నుంచి లండన్, రియాద్, హ్యూస్టన్ దాకా సాగుతుంది.

ఆరోగ్య సిబ్బంది వలస గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా దేశం దాటిన వాళ్లనే లెక్కపెడతాం. అహోబిలం ఉన్న నల్లమల అడవి అంచున నిలబడి చూస్తే ఈ వలస ఒక వరసగా కనిపిస్తుంది. అమెరికా వెళ్లిన డాక్టరు హైదరాబాదులో వదిలిన చోటికి జిల్లా నుంచి ఒకరు వెళ్తారు. జిల్లా కేంద్రంలో ఖాళీ అయిన చోటికి మండలం నుంచి ఇంకొకరు చేరతారు. అట్టడుగున మిగిలే ఖాళీని నింపడానికి ఇంకెవరూ ఉండరు. అది చెంచు గిరిజనుల గూడెం దగ్గర ఆగిపోతుంది. అడవి పక్క పోస్టులో మనిషి నిలవాలంటే ఏ ఏర్పాటు పనిచేస్తుంది, ఆ మాట చెప్పడానికి ఎంత గట్టి ఆధారం ఉంది అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించే విషయం.

సగటు దాచిపెట్టేది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 నివేదికలో 57 దేశాలు ఆరోగ్య సిబ్బంది సంక్షోభంలో ఉన్నాయని గుర్తించింది. మొత్తం కొరత 43 లక్షల మంది అని అప్పట్లో అంచనా వేసింది. పది వేల జనాభాకు డాక్టర్లు, నర్సులు, మిడ్‌వైఫ్‌లు కలిపి సుమారు 23 మంది లేనిచోట నూటికి ఎనభై కాన్పులు నిపుణుల చేతుల మీదుగా జరగడం కష్టమన్నది ఆనాటి కొలమానం. 2016లో ఆ కొలమానాన్ని 44.5కు పెంచారు, 2030 నాటికి 1.8 కోట్ల మంది తక్కువ పడతారన్నారు. 2022 అంచనాలో ఈ సంఖ్య దాదాపు కోటికి దిగింది. మధ్యకాలంలో చాలా దేశాల్లో సిబ్బంది పెరగడం ఇందుకొక కారణం. ఈ అంకెలు దిశను చూపిస్తాయి. ఒక ఊరి అవసరాన్ని వాటితో తేల్చలేం.

మన దేశపు అంకెల విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. 834 మందికి ఒక డాక్టరు ఉన్నాడని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు పలుమార్లు చెప్పింది. 2022 జూన్ నాటికి వైద్య మండళ్లలో నమోదైన 13 లక్షల మంది అల్లోపతి డాక్టర్లకు 5.65 లక్షల మంది ఆయుష్ వైద్యులను కలిపి, వాళ్లలో 80 శాతం మంది అందుబాటులో ఉన్నారనుకుని కట్టిన లెక్క అది. ఆ 80 శాతం ఒక ఊహ. రిజిస్టరులో పేరున్నంత మాత్రాన మనిషి ఇక్కడే ఉన్నట్టు కాదు. విదేశం వెళ్లినవాళ్ల పేర్లూ, ప్రాక్టీసు మానేసినవాళ్ల పేర్లూ అందులో ఉండవచ్చు.

సగటు కింద దాగిన అసలు పరిస్థితి గ్రామీణ ఆరోగ్య గణాంకాల్లో బయటపడుతుంది. 2021-22లో దేశవ్యాప్తంగా గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కావలసిన సంఖ్యతో పోలిస్తే సర్జన్లు 83 శాతం, పిల్లల డాక్టర్లు దాదాపు 82 శాతం, ఫిజీషియన్లు 79 శాతం, గైనకాలజిస్టులు 74 శాతం తక్కువగా ఉన్నారు. ఇవి దేశపు అంకెలు, ఆళ్లగడ్డవి కావు. అయినా ఏ మెట్టు దగ్గర వ్యవస్థ విరుగుతోందో స్పష్టంగా చూపిస్తున్నాయి. చాలాచోట్ల ఎంబీబీఎస్ డాక్టరు దాకా నెట్టుకొస్తున్నాం. రక్తస్రావమవుతున్న బాలింతకు కావలసిన గైనకాలజిస్టు, మత్తు డాక్టరు మండల స్థాయిలో దొరకడం కష్టం.

నల్లమల విషయంలో ఇంకో చిక్కు ఉంది. కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం, 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. మైదానంలో ఈ సంఖ్యలు 5,000, 30,000. చెంచులు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహం, 2011 జనగణన నాటికి ఉమ్మడి రాష్ట్రంలో వారి జనాభా సుమారు 64 వేలు. అహోబిలం నరసింహస్వామిని తమ ఇంటి అల్లుడిగా కొలిచే ఈ చెంచుల గూడేలు పాత కర్నూలు జిల్లాలో ఉన్నా, ఆ జిల్లాలోని ఏ ప్రాంతమూ రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి రాలేదు. పాడేరుకు, రంపచోడవరానికి 'ఏజెన్సీ' హోదా ఉంది. అహోబిలం వైపు అడవికి లేదు. కొరతను పూడ్చే పథకాలు షెడ్యూల్డ్ ప్రాంతం అనే గీతను పట్టుకుని నడిస్తే ఈ గూడేలు గీత బయట ఉండిపోతాయి. శ్రీశైలంలో ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది కాబట్టి చెంచులకు అభివృద్ధి పాలన అందుతోంది. సిబ్బంది నియామకానికి, ప్రోత్సాహకాలకు కూడా షెడ్యూల్డ్ గీతకు బదులు ఐటీడీఏ పరిధినే ఆధారం చేసుకోవడం మేలని నా అభిప్రాయం.

సముద్రం దాటిన వాళ్లు

1965లో అమెరికా వలస చట్టం మారింది. వృద్ధులకు, పేదలకు ప్రభుత్వ వైద్య బీమా కూడా ఆ ఏడాదే వచ్చింది. అక్కడ డాక్టర్ల అవసరం ఒక్కసారిగా పెరిగింది. ఉస్మానియా, ఆంధ్ర, గుంటూరు, కర్నూలు వైద్య కళాశాలల్లో చదివిన తరాలు ఆ దారి పట్టాయి. 2005లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో ఫిట్జ్‌హ్యూ ముల్లన్ వేసిన లెక్క ప్రకారం అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా నాలుగింటిలో కలిపి భారతదేశంలో చదివిన డాక్టర్లు దాదాపు 60 వేల మంది పనిచేస్తున్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1989-2000 మధ్య చదివినవారిలో 54 శాతం మంది విదేశాల్లో ఉన్నారని 2008లో మరో అధ్యయనం తేల్చింది. ఎయిమ్స్ శాతాన్ని కర్నూలుకు అంటగట్టకూడదు. దేశంలో ఎక్కువ పోటీ దాటి వచ్చినవారు ఎక్కువగా వెళ్లారన్నది మాత్రం ఆ అధ్యయనం నుంచి తీసుకోదగిన మాట.

ఈ చరిత్రలో మన రాష్ట్రానికి నేరుగా సంబంధించిన ఒక అధ్యాయాన్ని ఎక్కువమంది గుర్తుపెట్టుకోలేదు. బ్రిటన్ ఆరోగ్య శాఖ 2001లో విదేశీ నియామకాలపై ఒక నియమావళి తెచ్చి, 2004లో దాన్ని సవరించింది. భారతదేశం నుంచి నియామకాలకు అభ్యంతరం లేదంటూనే నాలుగు రాష్ట్రాలను మినహాయించింది. ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్‌లలో ఏజెన్సీలు చురుగ్గా నియామకాలు జరపకూడదు. బ్రిటన్ ప్రభుత్వ అభివృద్ధి సాయం ఆ రాష్ట్రాలకే అందుతుండటం దీనికి కారణం. ఒక చేత్తో ఆసుపత్రులకు డబ్బిచ్చి, ఇంకో చేత్తో అక్కడి నర్సుల్ని తీసుకెళ్లడం న్యాయం కాదన్న ఆలోచన దాని వెనుక ఉంది. ఆలోచన మంచిదే. కాని ఆ నియమం ఏజెన్సీలను మాత్రమే ఆపింది. ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకుంటే అడ్డు లేదు. పైగా బ్రిటన్‌కు వెళ్లే భారతీయ నర్సుల్లో ఎక్కువమంది కేరళవారు, ఆ రాష్ట్రం పేరు జాబితాలో లేదు. ఏది రక్షణ కావాల్సిన చోటు అన్న ప్రశ్నకు సాయం ఎక్కడికి పోతోంది అన్న లెక్కతో జవాబు చెప్పారు. అవసరం ఎక్కడుంది అని చూడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 మే నెలలో తెచ్చిన అంతర్జాతీయ నియామకాల నియమావళి కూడా స్వచ్ఛందమే. దాని వెంట 2023లో ప్రకటించిన రక్షణ జాబితాలో 55 దేశాలున్నాయి, భారతదేశం లేదు. ఆరోగ్య సేవల అందుబాటులో దేశం సగటు ఆ జాబితా పెట్టుకున్న గీతకు పైనే ఉంది మరి. నర్సుల విషయంలో మన ప్రభుత్వాలే ఇప్పుడు దారి చూపిస్తున్నాయి. గల్ఫ్ నియామకాల్లో మోసాలు బయటపడ్డాక 2015లో కేంద్రం కొన్ని దేశాలకు నర్సుల నియామకాన్ని ప్రభుత్వ సంస్థల ద్వారానే జరపాలని నిర్ణయించింది. తెలంగాణలో టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థలు నర్సులకు జర్మన్ భాష నేర్పి పంపుతున్నాయి. అప్పుల్లో మునిగిన కుటుంబంలోని నర్సుకు దళారీ బెడద లేకుండా ఉద్యోగం దొరకడం మేలే. వెళ్లే హక్కు ఆమెది. ఆమెను తప్పుపట్టే ఏ విధానమూ నిలబడదు.

వెళ్లినవాళ్లు ఇచ్చినదీ తక్కువ కాదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో తల్లీబిడ్డల భవనం కోసం అమెరికాలోని గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం, మనవాళ్లు జింకానా అని పిలిచేది, పెద్ద మొత్తాలు సమకూర్చింది. ఆ డబ్బు కళాశాల ఉన్న నగరానికి చేరుతుంది. దాంతో ఆళ్లగడ్డలో గైనకాలజిస్టు పోస్టు భర్తీ కాదు.

అమెరికా తన పల్లెల కొరతను ఎలా తీర్చుకుందో కూడా చూడాలి. చదువు కోసం జే-1 వీసా మీద వెళ్లిన విదేశీ డాక్టరు శిక్షణ ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలని నిబంధన. 1994లో తెచ్చిన కాన్రాడ్ పథకం ప్రకారం, డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే ఆ నిబంధన తొలగుతుంది. మొదట ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 20 మందికి, తర్వాత 30 మందికి ఈ అవకాశమిచ్చారు. స్వదేశంలో పల్లె పోస్టుకు వెళ్లని డాక్టరు అక్కడ మారుమూల కౌంటీలో మూడేళ్లు చేయడానికి సిద్ధపడతాడు. అతను కోరుకునేది ఆ మూడేళ్ల చివర కచ్చితంగా దొరుకుతుంది కాబట్టే ఇది సాధ్యమవుతోంది. ఈ సూత్రం మనకూ పనికొస్తుందా?

ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన జవాబు

ఈ ప్రశ్నకు మన దగ్గరే ఆధారం ఉంది. 2010లో కృష్ణ డి. రావు, సహ పరిశోధకులు ఉత్తరాఖండ్, ఆంధ్రప్రదేశ్‌లలో ఒక అధ్యయనం చేశారు. చివరి ఏడాది వైద్య విద్యార్థులు, నర్సింగ్ విద్యార్థులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేస్తున్న డాక్టర్లు, నర్సుల ముందు రెండేసి ఉద్యోగాల్ని పెట్టారు. ఊరు, జీతం, క్వార్టర్సు, ఆసుపత్రి వసతులు, పీజీ అవకాశం ఇలా ఎనిమిది అంశాల్లో తేడాలుంటాయి. ఏది ఒప్పుకుంటారని అడిగారు. 2013లో ప్రచురితమైన ఫలితాలు మన విధాన చర్చలో పాతుకుపోయిన చాలా నమ్మకాలను కదిలిస్తాయి.

జీతం డాక్టర్లపై పెద్దగా పనిచేయలేదు. అప్పటి జీతానికి ఐదు రెట్లు ఇస్తామన్నా గ్రామీణ ఉద్యోగానికి సరేనన్నది వైద్య విద్యార్థుల్లో 13 శాతం, పనిలో ఉన్న డాక్టర్లలో 31 శాతం. నర్సుల సంగతి వేరు. ఆ పెంపులో సగం స్థాయికే నర్సింగ్ విద్యార్థుల్లో 61 శాతం, నర్సుల్లో 52 శాతం ఒప్పుకున్నారు. భవనం బాగుచేయడం, క్వార్టర్సు కట్టడం, ఓ మోస్తరు జీతం పెంచడం అనే మూడు మామూలు మందులూ విడివిడిగా పెద్ద ప్రభావం చూపలేదు. కొన్నేళ్లు పల్లెలో పనిచేస్తే పైచదువులో సీటు కేటాయిస్తామన్న హామీ మాత్రం డాక్టర్లనూ నర్సులనూ బలంగా కదిలించింది.

ఈ అధ్యయనానికి ఉన్న హద్దు కూడా చెప్పాలి. కాగితం మీద ఒప్పుకోవడం వేరు, మూటాముల్లె సర్దుకుని అడవి పక్కకు రావడం వేరు. రాష్ట్రం విడిపోకముందు, ప్రైవేటు వైద్య కళాశాలలు ఇంతగా పెరగకముందు అడిగిన ప్రశ్నలవి.

పల్లెలో పెరిగినవాళ్లు పల్లె ఉద్యోగానికి ఎక్కువ మొగ్గు చూపలేదన్నది అందులో నన్ను బాగా ఆపిన ఫలితం. పల్లె నేపథ్యం ఉన్న విద్యార్థులకు సీట్లిస్తే పల్లెలో నిలుస్తారని ఆస్ట్రేలియా, అమెరికా, జపాన్ అనుభవాల ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనూ, 2021లోనూ సిఫార్సు చేసింది. జపాన్ 1972లో స్థాపించిన జిచి వైద్య విశ్వవిద్యాలయం ఆ దారిలోనే నడుస్తోంది. మరి ఇక్కడెందుకు తేడా వచ్చింది? నా ఊహ ఇది, రుజువు కాదు. మన దగ్గర ఊళ్లో పుట్టిన పిల్ల పదో తరగతి కాగానే విజయవాడలోనో హైదరాబాదులోనో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చేరుతుంది. రెండేళ్లు ఇంటరు, ఇంకో ఏడాదో రెండేళ్లో లాంగ్ టర్మ్ కోచింగు, ఆ తర్వాత ఎంబీబీఎస్. డాక్టరయ్యే నాటికి ఊరు వదిలి పదేళ్లు గడుస్తాయి. పుట్టిన ఊరి పిన్‌కోడ్ ఒక్కటే చూసి 'గ్రామీణ నేపథ్యం' అని రాసుకుంటే ఆ దూరం లెక్కకు రాదు. ఎక్కడ పుట్టారన్న దానికంటే ఎక్కడ చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు అన్నదే ఇక్కడ ఎక్కువ పనిచేస్తూ ఉండవచ్చు.

బాండు, కోటా

తప్పనిసరి సేవతో మన అనుభవం చేదుగా ఉంది. ఉమ్మడి రాష్ట్రం పెట్టిన ఏడాది నిర్బంధ సేవ నిబంధన మీద 2014లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు వారాల తరబడి సమ్మె చేశారు. ఏడాది కోసం వచ్చే డాక్టరు గూడెంలో ఎవరికి బీపీ మాత్రలు ఆగిపోయాయో తెలుసుకునేలోపే తిరిగి వెళ్లే రోజు వస్తుంది.

ప్రతిఫలంతో కూడిన సేవ కాస్త మెరుగ్గా కనిపిస్తోంది. చదువు ఖర్చు భరించి బదులుగా సేవ కోరే పథకాలపై 43 అధ్యయనాలను 2009లో బార్నిగ్‌హౌసెన్, బ్లూమ్ సమీక్షించారు. ఇలా చేరినవాళ్లు మిగతావాళ్లకంటే దీర్ఘకాలంలో కొరత ప్రాంతాల్లో పనిచేసే అవకాశం ఎక్కువ. అయితే మొదట వేసిన ఊళ్లోనే ఉండిపోయే అవకాశం తక్కువ. పైగా ఆ 43లో 34 అమెరికావే, ఇష్టమున్నవాళ్లే అందులో చేరి ఉండవచ్చు కూడా. గట్టి ప్రమాణాలతో వెతికిన కాక్రేన్ సమీక్షకు 2009లో నిలబడే అధ్యయనం ఒక్కటీ దొరకలేదు. 2015లో తైవాన్ నుంచి ఒకటే దొరికింది. ప్రపంచమంతా ఇంత డబ్బు పోస్తున్న విషయంలో ఆధారం ఇంత పలచగా ఉండటం విచారకరం.

ఈ నేపథ్యంలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు పీజీ సీట్లలో ఉన్న ఇన్-సర్వీస్ కోటాను చూడాలి. దాన్ని తగ్గించడంపై 2024లోనూ 2025లోనూ ఆ డాక్టర్లు ఆందోళనకు దిగారు. పీజీ పూర్తిచేసి వచ్చేవారికి సరిపడా స్పెషలిస్టు పోస్టులు లేవన్నది ప్రభుత్వ వాదన. అది తోసిపుచ్చదగినది కాదు. కాని ఈ రాష్ట్రంలో డాక్టర్లను పల్లె వైపు కదిలించగలదని ఆధారం చూపిన బలమైన మీట అదే. గైనిక్, అనస్థీషియా, పిల్లల వైద్యం వంటి కొరత ఉన్న విభాగాల్లో కోటాను ఉంచి, అడవి పక్క కేంద్రాల్లో చేసిన ఏళ్లకు ఎక్కువ విలువ ఇచ్చి, పీజీ తర్వాత కొన్నేళ్లు ఆళ్లగడ్డ వంటి చోట పనిచేయాలన్న షరతు పెట్టడం కోటాను కోయడం కంటే తెలివైన పని. దీంతో డాక్టరు జీవితాంతం అక్కడే ఉంటాడని ఆశించకూడదు. నాలుగైదేళ్లు ఉంటాడు, అతను వెళ్లేసరికి ఇంకొకరు వస్తారు. ఆ వరస తెగకుండా చూడటమే ప్రభుత్వం పని.

ఎప్పుడూ ఉండేవాళ్లు

డాక్టర్లు మారుతూనే ఉంటారని ఒప్పుకుంటే, మారకుండా ఉండేదెవరో చూసుకోవాలి. ఛత్తీస్‌గఢ్ 2001లో మూడేళ్ల వైద్య డిప్లొమా పెట్టి, అలా తయారైనవారిని తర్వాత గ్రామీణ వైద్య సహాయకులుగా నియమించింది. మామూలు జబ్బుల చికిత్సలో వాళ్ల సామర్థ్యం ఎంబీబీఎస్ డాక్టర్లకు దాదాపు సమానమని 2010 నాటి అధ్యయనం చూపింది. అస్సాం కూడా అలాంటి కోర్సు పెట్టింది, 2014లో గువాహటి హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఈ ప్రయోగాలను విన్నప్పుడు మన పెద్దవాళ్లకు డిగ్రీ కాకుండా లైసెన్షియేట్ కోర్సు చదివిన ఎల్ఎంపీ డాక్టర్లు గుర్తుకొస్తారు. 1946లో భోర్ కమిటీ ఒకే స్థాయి డాక్టరు ఉండాలని ఆ తరగతిని ముగించమంది. ఖాళీ అయిన జాగాలో శిక్షణ లేని ఆర్ఎంపీలు కుదురుకున్నారు.

ఆంధ్రప్రదేశ్ ఇంకో దారిలో వెళ్లింది. బీఎస్సీ నర్సింగ్ చదివినవారికి ఆరు నెలల శిక్షణ ఇచ్చి గ్రామ క్లినిక్కుల్లో పెట్టింది. వాళ్లను ఎంఎల్‌హెచ్‌పీలని, సీహెచ్‌ఓలని పిలుస్తున్నాం. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు 104 వాహనంతో నెలకు రెండుసార్లు ఆ క్లినిక్కుకు రావాలి. కృష్ణ డి. రావు బృందం అధ్యయనం నర్సుల గురించి చెప్పినదానికి ఇది దగ్గరగా ఉంది. కాని ఆ నర్సు కాంట్రాక్టు మీద ఉంది. ఉద్యోగ భద్రత, జీతాల కోసం 2025లో సీహెచ్‌ఓలు సమ్మె చేశారు. జర్మనీ ఒక పక్క, ఏటా రెన్యువల్ కోసం చూసే ఉద్యోగం ఒక పక్క ఉన్నప్పుడు ఆమె ఏ వైపు చూస్తుందో ఊహించడం కష్టం కాదు. నా దృష్టిలో రాష్ట్రం దగ్గరున్న ప్రతి అదనపు రూపాయీ ముందు వెళ్లాల్సింది ఇక్కడికే. గిరిజన ప్రాంత పోస్టులు రెగ్యులర్ కావాలి, కొన్నేళ్ల సేవకు ఎమ్మెస్సీ నర్సింగ్ సీటు దొరకాలి.

గూడేలకు వాహనాలు వెళ్తున్నాయి. ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల కోసం 2023 నవంబరులో ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకంలో సంచార వైద్య వాహనాలూ భాగమే. వీటి విలువ రోజు ఖాయంగా ఉండటంలో ఉంది. అహోబిలంలో కనుమ నాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి ఏ రోజు ఏ ఊళ్లో ఉంటాడో చుట్టుపక్కల అందరికీ ముందే తెలుసు. వైద్య వాహనం రోజు కూడా గూడెంలో అంత ఖాయంగా తెలియాలి. తేనెకూ అటవీ ఫలసాయానికీ అడవిలోకి వెళ్లే చెంచు తల్లి వాహనం కోసం మూడుసార్లు ఆగి అది రాకపోతే నాలుగోసారి ఆగదు. ఇక ఏ వాహనం వచ్చినా రాకపోయినా గూడెంలో ఉండేది ఆశా కార్యకర్త. 2019లో ఆమె గౌరవ వేతనాన్ని 3,000 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. చెంచు అమ్మాయిలకు ఆశా నుంచి ఏఎన్ఎంగా, ఏఎన్ఎం నుంచి నర్సుగా ఎదిగే దారి, చదువు కాలంలో స్టైపెండుతో సహా, ఇంకా వేయాల్సే ఉంది.

నంద్యాల కళాశాల

2023 సెప్టెంబరులో నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల 150 సీట్లతో మొదలైంది. అహోబిలానికి ఇంత దగ్గరలో ప్రభుత్వ వైద్య కళాశాల రావడం చిన్న విషయం కాదు. విద్యార్థులు ఆళ్లగడ్డ ఆసుపత్రిలో, నల్లమల గూడేల్లో శిక్షణ పొందగలిగితే పుట్టిన చోటు కంటే శిక్షణ పొందిన చోటే ఎక్కువ పనిచేస్తుందన్న పై ఊహ నిజమో కాదో తేలుతుంది.

అయితే ఆ ఏడాది వచ్చిన ఉత్తర్వుల ప్రకారం కొత్త కళాశాలల్లో సగం సీట్లకే 15 వేల రూపాయల ఫీజు. 35 శాతం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, 15 శాతం ఎన్నారై సీట్లకు 20 లక్షలు. ఇంత పెట్టి చదివినవారు పల్లె పోస్టుకు రారని తేల్చిన అధ్యయనమేదీ ఇక్కడ జరగలేదు. కాబట్టి నేను అలా అనను. ఆ ఖర్చు రాబట్టుకోవాల్సిన ఒత్తిడి ఉంటుందని మాత్రం అనగలను. 'స్థానికులకు 85 శాతం' అన్న నియమం కూడా పల్లెకు భరోసా కాదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలో తిరుపతి, నెల్లూరు నగరాల వాళ్లూ స్థానికులే. ఎస్టీ కోటా 6 శాతంలో చెంచు విద్యార్థి మిగతా తెగలన్నిటితో పోటీ పడాలి.

నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్‌సర్జన్సీ ముగించుకుని మొదటి బ్యాచ్ బయటికి వచ్చేది 2029లో. ఈలోగా ప్రతి విద్యార్థి ఎక్కడ చదువుకుని వచ్చాడు, ఏ రకం సీటులో చేరాడు, ఎన్ని నెలలు ఆళ్లగడ్డలోనూ గూడేల్లోనూ పనిచేశాడు అన్నవి కళాశాల రాసిపెట్టాలి. బయటికొచ్చాక రెండేళ్లకూ ఐదేళ్లకూ ఎక్కడున్నాడో వైద్య మండలి రిజిస్ట్రేషన్ రెన్యువల్ సమయంలో అడిగి నమోదు చేయాలి. ఆరోగ్య శాఖ ఖాళీల సంఖ్యతో పాటు ఒక్కో కేంద్రంలో ఒక్కో డాక్టరూ నర్సూ ఎన్ని నెలలు నిలిచారన్నది కూడా ఏటా ప్రకటించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద డబ్బూ అక్కర్లేదు. మొదలుపెట్టాల్సింది మాత్రం ఆ బ్యాచ్ ఇంకా నంద్యాలలో ఉండగానే.